మా వంశపు నోళ్ళు

మా అమ్మాయి నోట్లో పుండు లేచిందంటే నేను అడిగే మొదటి మాట "ఏం తిన్నావు?" అనే. ఎలా ఉందమ్మా అని కాదు, అన్నం దిగుతోందా అని కాదు. ఆ ప్రశ్నలో నేరం ముందే రుజువైపోయి ఉండేది. ఆవకాయ ఎక్కువ కలుపుకుని ఉంటుంది, బజ్జీలు తిని ఉంటుంది, అర్ధరాత్రి దాకా మేలుకుని ఉంటుంది, నీళ్ళు తాగి ఉండదు. మా గుంటూరు వైపు నోరు పూస్తే వేడి చేసిందంటారు. నేను అక్కడితో ఆగకుండా ఆ వేడి ఎవరు చేసుకున్నారో విచారణ కూడా జరిపేవాణ్ణి. పద్నాలుగో ఏట మొదలైన ఆ పుండ్లు పెళ్ళయి హైదరాబాదు వెళ్ళేదాకా ఆ పిల్లను నెల విడిచి నెల బాధపెట్టాయి. పుండుతోపాటు నా మాట కూడా భరించింది. కొన్నాళ్ళకు నాకు చెప్పడమే మానేసింది. మెతుకు మెతుకు ఒకవైపే నములుతూ, మజ్జిగ అన్నం మీద మజ్జిగ ఇంకాస్త పోయించుకుంటూ ఉంటే చూసి కనిపెట్టేవాణ్ణి. కనిపెట్టి మళ్ళీ అదే ప్రశ్న వేసేవాణ్ణి.

ఇది తెలియని మనిషి చేసిన పని అయితే ఇంత బాధ ఉండేది కాదు. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అన్ని పాఠాల్లోకీ జన్యుశాస్త్రమే నాకు ఇష్టం. మెండెల్ 1866లో అచ్చువేసిన బఠానీ మొక్కల లెక్కలు, పొడుగు పొట్టి, గుండ్రం ముడత, మూడుకు ఒకటి నిష్పత్తి, పుస్తకం చూడకుండా బోర్డు నిండా వేసేవాణ్ణి. మా ఆవిడ ఒకసారి, "మీక్కూడా వచ్చేవి కదండీ, మీ పోలికేమో" అంది. నిజమే, నాకూ చదువుకునే రోజుల్లో, పరీక్షల ముందు, పెదవి లోపల లేచేవి. కానీ నేనన్న మాట ఇది: "వంశపారంపర్యమైతే అబ్బాయికీ రావాలి కదా? వాడికి ఒక్కటీ రాలేదు." శాస్త్రం చదివినవాడి నోట వచ్చిన మాట కాబట్టి ఆవిడ ఇంకేం అనలేదు. ఒకే జన్యువు, ఒకే లక్షణం, ఉంటే ఉంది లేకపోతే లేదు, ఇదీ నా బుర్రలో స్థిరపడిన నమూనా. అది బఠానీ పువ్వు రంగుకు సరిపోతుంది. మనుషుల జబ్బుల్లో చాలావాటికి సరిపోదని నా పాఠ్యపుస్తకమే ఒక పేజీలో చెప్పింది. బహుజన్యు వారసత్వం అనే ఆ పేజీని పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చెప్పి దాటేసేవాణ్ణి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. మా అమ్మ బతికుండగా మనవరాలి నోరు పూసినప్పుడల్లా కోడలి వైపు చూసేది. "మీ వైపు అందరివీ వేడి శరీరాలే" అనేది. మా ఆవిడ తల వంచుకుని మెంతులు నానబెట్టేది, సబ్జా గింజలు నానబెట్టేది, గ్లిజరిన్ తెప్పించేది, జాజి ఆకులు కోసుకొచ్చి నమలమనేది. వాళ్ళ పుట్టింట్లో ఎవరికీ ఈ బాధ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అమ్మ ముందు ఒక్కసారైనా "ఇది మనవైపుదేమోనమ్మా" అనలేదు. అలా అనడానికి కావలసిన సాక్ష్యం కూడా ఇంట్లోనే ఉంది, మా నాన్న రూపంలో.

నాన్న చుట్ట కాల్చేవారు. నడివయసులో డాక్టరు గట్టిగా చెబితే మానేశారు. మానిన వారం తిరక్కుండా నాలుక కింద, బుగ్గల లోపల పుండ్లు లేచాయి. ఇడ్లీ కూడా పాలలో నానేసుకుని మింగారు. "చిన్నప్పుడు ఇలాగే ఉండేదిరా, చుట్ట మొదలెట్టాక పోయింది" అన్నారు. ఆ వాక్యంలో మా వంశం చరిత్ర అంతా ఉంది. నేను విన్నాను, అర్థం చేసుకోలేదు. ఆయన మళ్ళీ చుట్ట ముట్టించారు. పుండ్లు తగ్గాయి. చుట్టే మందని ఆయన నమ్మారు, నేనూ కాదనలేదు. చివరి ఏళ్ళు ఆయాసంతో గడిపారు.

పొగ తాగేవాళ్ళలో ఈ పుండ్లు తక్కువ కనిపిస్తాయనీ, మానిన కొత్తలో పైకి వస్తాయనీ వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. పొగ తగిలి నోటి లోపలి పొర మందబడి గట్టిపడడం ఒక కారణమంటారు. 2004లో వచ్చిన ఒక బ్రిటిష్ పరిశీలనలో పొగ మానినవాళ్ళలో ఐదుగురికి ఇద్దరి చొప్పున నోటిపుండ్లు వచ్చాయి, అవీ ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. చాలామందికి నెల లోపు తగ్గిపోయాయి. ఒక్క నెల ఓర్చుకోండి నాన్నా అని చెప్పగలిగినవాడు ఇంట్లో ఒక్కడు ఉంటే చాలేది.

మా అమ్మాయికి ఒక దంతవైద్యురాలు వేసిన ప్రశ్నతో నాకు కళ్ళు తెరిపిడి పడ్డాయి. ఆవిడ ఏం తిన్నావని అడగలేదట. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఎన్నో ఏట మొదలైంది?" అని అడిగిందట. అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, మన ఇంట్లో ఎవరికైనా ఉందా?" అంది. నేను జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను.

ఇవి ఆఫ్తస్ అల్సర్లు. చుట్టూ ఎర్రటి అంచు, మధ్యలో పాలిపోయిన పసుపు పొర. చాలామందికి వచ్చేవి సెంటీమీటరు లోపువే. వారం నుంచి రెండు వారాల్లో మచ్చ కూడా లేకుండా మానిపోతాయి. పెద్దవి వచ్చేవాళ్ళు తక్కువ, అవి వారాల తరబడి సతాయించి మచ్చ వదులుతాయి. పెదవి లోపల, బుగ్గ లోపల, నాలుక కింద, మెత్తగా కదిలే పొర మీదే లేస్తాయి. ఇవి అంటువ్యాధి కాదు. పెదవి అంచున నీటిపొక్కుల్లా వచ్చే హెర్పిస్ వేరు, అది అంటుకుంటుంది. ఈ తేడా తెలియక నేను మా అమ్మాయికి కొన్నాళ్ళు గ్లాసు వేరుగా పెట్టించాను. స్టీలు గ్లాసు మీద ఆ పిల్ల పేరు చెక్కించి ఉంది, ఎవరూ కలపకుండా. ఆ గ్లాసు ఇప్పటికీ మా వంటింటి అలమరలో ఉంది.

మనుషుల్లో ఐదో వంతు దాకా ఈ బాధ ఎరిగినవాళ్ళే. వాళ్ళలో పదిమందికి నలుగురి చొప్పున ఇంట్లో మరొకరికీ ఉంటుంది. కుటుంబంలో ఉన్నవాళ్ళకు చిన్న వయసులోనే మొదలవుతుంది, తరచుగా వస్తుంది. తల్లిదండ్రులిద్దరికీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 90 శాతం దాకా ఉంటుందనీ, ఇద్దరికీ లేకపోతే 20 శాతమేననీ వైద్య పుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. కవలల్లోనూ చూశారు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికీ ఉండడం, మామూలు కవలల్లో కంటే బాగా ఎక్కువ. ఆస్ట్రేలియా కవలల మీద 1997లో వచ్చిన పరిశీలన కూడా జన్యువుల వాటా పెద్దదనే తేల్చింది.

నన్ను రాత్రంతా కూర్చోబెట్టింది 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అని ఒక భారీ నిధి ఉంది. 2006 నుంచి 2010 దాకా నలభై నుంచి అరవై తొమ్మిదేళ్ళ వయసువాళ్ళు ఐదు లక్షలమంది తమ రక్తమూ వివరాలూ ఇచ్చారు. గడిచిన ఏడాదిలో నోట్లో పుండ్లు వచ్చాయా అన్నది వాళ్ళను అడిగిన ప్రశ్నల్లో ఒకటి. నాలుగు లక్షల అరవై వేలమందికి పైగా జవాబులను వాళ్ళ జన్యువులతో సరిచూసి, పుండ్లు వచ్చే అవకాశాన్ని అటో ఇటో జరిపే 97 చోట్లను గుర్తించారు. తర్వాత 23అండ్‌మీ అనే సంస్థ దగ్గరున్న మరో మూడున్నర లక్షలమంది సమాచారంతో పోల్చుకున్నారు. అన్నిటికంటే గట్టి గుర్తు మూడో క్రోమోజోము మీద ఐఎల్12ఎ అనే జన్యువు దగ్గర దొరికింది. మన రోగనిరోధక కణాల్లో టి-కణాలను దాడికి పురికొల్పే ఇంటర్‌ల్యూకిన్-12 అనే సంకేతంలో సగభాగం తయారయ్యేది ఆ జన్యువు వల్లే. ఇంకో గుర్తు ఐఎల్10 దగ్గర. అది దాడిని చల్లార్చే సంకేతం. అంటే పురికొల్పేదీ చల్లార్చేదీ మా వంశంలో కొంచెం తేడాగా అమరి ఉన్నాయన్నమాట. బ్రష్షు గీసుకున్నా, పంటి కింద బుగ్గ పడినా, ఇంకొకరికి రెండు రోజుల్లో మానిపోయే గాయం మీదికి మా టి-కణాలు దండెత్తి పొరను తినేస్తాయి. ఈ పరిశోధనల్లో ఉన్నది ఐరోపా సంతతివాళ్ళు. ఆ అంకెలను యథాతథంగా మా గుంటూరు ఇంటికి అన్వయించను. కానీ దారి ఎటు పోతోందో తెలియడానికి అది చాలు.

97 చోట్లు. ఒక్కొక్కటీ చేసేది రవ్వంత. మా అబ్బాయికి ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. వాడికి నా నుంచి సగమే వెళ్ళింది, ఆ సగంలో ఏవి పడ్డాయో ఏవి పడలేదో అన్నది ప్రతి బిడ్డకూ వేరు. చెరువు కట్ట ఎంత ఎత్తున ఉందో అది వంశం ఇస్తుంది. వాన ఏటా మారుతుంది. కట్ట తక్కువున్న చెరువు మామూలు వానకే పొర్లుతుంది, ఎత్తున్నది గాలివానకు కూడా నిలుస్తుంది. పరీక్షలు, నిద్రలేమి, నెలసరి ముందు రోజులు, పంటి మొన, ఒంట్లో ఇనుము తగ్గడం, ఇవన్నీ వాన. నేను ఇరవై ఏళ్ళు వానను తిట్టాను, కట్టను చూడలేదు.

ఈ పుండ్ల జాతిలోనే తీవ్రమైన జబ్బు ఒకటుంది, చెప్పకుండా వదలకూడదు. టర్కీ చర్మవైద్యుడు హులూసి బెహ్చెట్ 1937లో వివరించిన జబ్బు, ఆయన పేరుతోనే పిలుస్తారు. నోట్లో పుండ్లు, మర్మావయవాల దగ్గర పుండ్లు, కంటిలో వాపు కలిసి వస్తాయి. చూపు పోయే ప్రమాదం ఉంది. హెచ్ఎల్ఎ-బి51 అనే జన్యురూపంతో దానికి దగ్గర సంబంధం ఉంది. ఐఎల్10, ఐఎల్12ఎ దాంట్లోనూ కనిపించాయి. అందుకే వైద్యులు కళ్ళ గురించీ ఇతర పుండ్ల గురించీ అడుగుతారు. తండ్రిగా నేను ఆ ప్రశ్న అడగలేకపోయాను. మా ఆవిడ అడిగింది. లేవంది అమ్మాయి.

ఇంత చదివాక నేను రెండో పొరపాటు చేశాను. మొదటిదానికంటే ఇదే ఎక్కువ నష్టం చేసింది. అమ్మాయికి ఫోను చేసి, "ఇది మన వంశంలోనే ఉందమ్మా, నీ తప్పేం లేదు, మనం చేసేదేమీ లేదు" అన్నాను. ఆ మాటలో మొదటి రెండు ముక్కలూ నిజం. మూడోది నాది. తప్పు చేశానన్న బాధలో దానికి ఊరట ఇవ్వాలనుకుని చేతులు కట్టేశాను. ఆ తర్వాతి ఏడాది పుండ్లు ముందుకంటే ఎక్కువైనా ఆ పిల్ల ఏ వైద్యుణ్ణీ కలవలేదు. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, మొహం పాలిపోవడం, అన్నీ కూడా వంశం ఖాతాలోనే వేసుకుంది. చివరికి ఆఫీసు వైద్యశిబిరంలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువ, ఇనుము నిల్వలు అడుగంటిపోయి ఉన్నాయి.

మన ఆడవాళ్ళలో ఇదేమీ అరుదు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నోరు తరచుగా పూసేవాళ్ళకు ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం ఒకసారి పరీక్ష చేయించాలన్నది ఏ వైద్యుడైనా చెప్పే మాట. జన్యుపత్రికలు తిరగేస్తూ ఆ మాటను నేను దాటేశాను. ఇనుము సరిచేశాక పుండ్లు పూర్తిగా పోలేదు; కట్ట అదే కదా. కానీ ముందుకంటే అరుదుగా వస్తున్నాయి. ఆయాసం పోయింది. ఆ ఏడాది దాని ఒంట్లోంచి నేనే తీసేసినట్టు లెక్క.

మందుల విషయంలోనూ మా ఇంటి అలవాటు గుడ్డిదే. నోరు పూస్తే బి-కాంప్లెక్స్ గొట్టం తెరవడమే. 2012లో అమెరికాలో 160 మందికి ఏడాదిపాటు మల్టీవిటమిన్ మాత్రలూ, అలాగే కనిపించే ఉత్త మాత్రలూ ఇచ్చి చూశారు. పుండ్లలో తేడా లేదు. 2009లో ఇజ్రాయెల్‌లో 58 మందితో చేసిన పరీక్షలో మాత్రం రోజూ వెయ్యి మైక్రోగ్రాముల బి12 నాలుక కింద పెట్టుకున్నవాళ్ళలో 74 శాతానికి ఆరో నెలకు పుండ్లు ఆగాయి, ఉత్త మాత్ర వాళ్ళలో 32 శాతానికే. పరీక్ష చిన్నది, అయినా విలువైనది. నురగ కోసం టూత్‌పేస్టులో కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడదు. అది లేని పేస్టు వాడాక మా అమ్మాయికి కొంత సుఖంగా ఉంది. మజ్జిగ, నెయ్యి, సబ్జా వీటిమీద నాకేం కోపం లేదు. పుండున్న నోటికి అవి హాయి. మా ఆవిడ చేతి మెంతుల నీళ్ళను ఇప్పుడు నేనే అడిగి తాగుతాను.

ఆవిడకు ఒక సాయంత్రం కాగితం మీద గీసి చూపించాను. నాన్న, నేను, అమ్మాయి. పెదనాన్న, ఆయన కొడుకు. నోరు పూసిన ప్రతివాళ్ళ పేరు చుట్టూ సున్నా. అన్నీ మా వైపే. "అమ్మ అన్న మాటలకు నేను అప్పుడే అడ్డుపడాల్సింది" అన్నాను. ఆవిడ కాగితం చాలాసేపు చూసి, "అత్తయ్యగారికి ఇది చూపించగలిగితే బాగుండేది" అంది. క్షమించానని అనలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఆ కాగితంలో ఉన్న పెదనాన్న కొడుకు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. బంధువుల పెళ్ళిలో కనిపించినవాళ్ళందరికీ నోటిపూత వంశపారంపర్యమని, భయపడాల్సిందేమీ లేదని చెబుతూ తిరిగాను. ఆయన విన్నాడు. ఆయనకు ఖైనీ అలవాటు, కింది పెదవికీ చిగురుకూ మధ్య పెట్టుకుంటాడు. సరిగ్గా అక్కడే ఒక పుండు, నొప్పి పెద్దగా లేదు, నెల దాటినా మానలేదు. "మన వంశంలో ఉన్నదే కదరా, నువ్వే చెప్పావుగా" అన్నాడు ఫోనులో. నా గుండె ఆగినంత పనైంది. వంశపు పుండు బాగా నొప్పెడుతుంది, రెండు వారాల్లో మానుతుంది, చోటు మారుస్తుంది. మూడు వారాలు ఒకేచోట కదలకుండా ఉన్నది, అంచు గట్టిపడ్డది, పొగాకు తగిలే చోట లేచినది వేరే జాతి. ఈ మూడు మాటలు పెళ్ళిలో చెప్పి ఉంటే ఆ నెల వృథా అయ్యేది కాదు.

మర్నాడే ఊరికి వెళ్ళి ఆయన్ను గుంటూరు తీసుకెళ్ళాను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు. కణాల్లో మార్పు మొదలైంది, ఖైనీ మానాల్సిందే, మూడు నెలలకోసారి చూపించుకోవాల్సిందే అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయనకు నాన్న చుట్ట సంగతి మొత్తం చెప్పాను. "అన్నయ్యా, నువ్వు ఇది మానిన వారం పది రోజుల్లో నోరంతా పూస్తుంది. ఖైనీ ఇన్నాళ్ళూ తొక్కిపెట్టినవే అవి, మన ఇంటివే. నెల ఓర్చుకో. వాటికి భయపడి మళ్ళీ డబ్బా తెరవకు, నాకు ఫోను చెయ్యి" అన్నాను.

నిన్న చేశాడు. బుగ్గ లోపల రెండు, నాలుక కింద ఒకటి, మంటకు నిద్ర లేదట. డబ్బా తెరిచావా అంటే లేదన్నాడు. డాక్టరు రాసిచ్చిన పేస్టు ఎలా రాసుకోవాలో చెప్పాను. అన్నం తిన్నాక నోరు పుక్కిలించి, శుభ్రమైన గుడ్డతో పుండు మీది తడి అద్ది, పేస్టు రుద్దకుండా పల్చగా అంటించి, అరగంట ఏమీ తినకుండా తాగకుండా ఉండమన్నాను. ముక్క తీసిన చోటికి తగలనివ్వొద్దన్నాను. రాసుకుంటానుండమని వదినను పిలిచి కాగితం, పెన్ను తెప్పించుకున్నాడు. మొదటినుంచి మళ్ళీ చెప్పాను.